నా పేరు మీద పడిన గోల్

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. తొంభై ఏళ్లకు దగ్గర పడ్డాను, శ్మశానం పక్కదారిన ఎన్నిసార్లు ఒంటరిగా నడిచానో. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని. అయినా ఈ ఒక్క సంగతి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నంలో ఇప్పుడు ఆదిభట్ల కంపెనీ బస్సులు ఆగే చోటికి వెనక, ప్లాట్లు పడిన నేలంతా ఒకప్పుడు హాకీ మైదానం. నిజాం కాలంలో హాకీ పిచ్చి ఉన్న ఒక తహసీల్దారు దాన్ని చదును చేయించి, ఒక పక్కన మూడు వరసల రాతిమెట్లు కట్టించాడు. ఆ మూడు మెట్లకే మేం స్టేడియం అని గొప్పలు పోయేవాళ్లం.

మా జట్టుకు సెంటర్ ఫార్వర్డ్ మా మేనత్త కొడుకు యాదగిరి బావ. నాకంటే రెండేళ్లు పెద్ద. అప్పట్లో ఆట మొదలవ్వాలంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, నేలనొకసారి, ఎదుటివాడి కర్రనొకసారి, అలా మూడు విడతలు తట్టి బంతి కోసం పడాలి. దాన్ని బుల్లీ అనేవాళ్లు. మూడో తట్టు పడిందో లేదో, బావ మణికట్టు తిప్పి బంతిని తన కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగేసేవాడు. మూడేళ్లు సాధన చేశాను. నాకు ఒక్కసారీ రాలేదు.

"జర చెయ్యి వదులు చెయ్, బామ్మర్దీ. కర్ర మీద పగవట్టినట్టు పట్టుకుంటవేంది?" అని నవ్వేవాడు. మెట్ల మీది జనమూ నవ్వేవాళ్లు. నా పగ కర్ర మీద కాదు. బావను చూస్తేనే ఒళ్లు మండేది, ఇప్పుడు దాచుకోవడం దేనికి?

తర్వాత రజాకార్లు మైదానాన్ని కవాతుకు తీసుకున్నారు. ఆట ఆగిపోయింది. బావ రజాకార్లను ఎదిరించే సంఘంలో చేరి, వాళ్ల సాయుధ దళంతో వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు రజాకార్ల కాల్పుల్లో చనిపోయాడు. పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ని. చితి అంటుకోవడం కళ్లారా చూశాను. అక్కడ నిలబడి ఉండగా నాకు మొదట తట్టిన ఆలోచన, ఇక సెంటర్ ఫార్వర్డ్ నేనే అని. థూ, అదీ ఒక బుద్ధేనా!

పోలీస్ యాక్షన్ అయ్యాక యూనియన్ సైన్యం అదే మైదానం అంచున గుడారాలు వేసింది. సిపాయిల్లో హాకీ ఆడేవాళ్లు ఉన్నారు. మాతో ఒక ఆట పెట్టారు. మిట్టమధ్యాహ్నం దాటింది, ఎండ బాగా కాస్తోంది. ఊరంతా మెట్ల మీదే ఉంది.

సగం ఆట అయ్యేసరికి ఒక్క గోల్ లేదు. రెండో సగానికి బుల్లీకి నిలబడ్డాను. మూడో తట్టు పడగానే నా మణికట్టు దానంతట అదే తిరిగింది. బంతి నా కాళ్ల మధ్య నుంచి వెనక్కి వెళ్లింది. వెనకున్న మావాడు దాన్ని అందుకుని గోల్ వైపు కొట్టాడు, నేను దాని వెంట పరుగెత్తాను. ఆ తర్వాత ఎడమ పక్కన ఎవరో నాతోపాటు పరుగెత్తుతున్న చప్పుడు. గోల్ ముందు కర్ర ఎత్తాను. బంతికి దెబ్బ తగిలిన చప్పుడు చెవికి వినపడింది గానీ, చేతికి తెలియలేదు.

గోల్ పడింది. మెట్ల మీద ఒకటే ఈలలు. సిపాయిల కెప్టెన్ మాత్రం చెయ్యి ఎత్తి ఆట ఆపాడు. "బారా ఆద్మీ హై!" అన్నాడు. మేం పన్నెండు మందిమి ఆడుతున్నామని ఫిర్యాదు. అంపైరుగా ఉన్న మా బడి పంతులు మమ్మల్ని వరసగా నిలబెట్టి లెక్కపెట్టాడు. పదకొండు మందిమే.

కెప్టెన్ ఒప్పుకోలేదు. గోల్ కొట్టింది నేను కాదట, మోకాలికి ఎర్ర రుమాలు కట్టుకున్న మనిషట. మా వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎర్ర రుమాలు లేకుండా బావ ఏనాడూ మైదానంలో అడుగుపెట్టలేదు. కెప్టెన్ మా ఊరికి వచ్చి పది రోజులు కూడా కాలేదు.

"ఎవరు గొట్టిండ్రు రా? నిజం జెప్పు," అన్నాడు పంతులు.

"నేనే గొట్టిన," అన్నాను. గోల్ నాకే ఇచ్చారు.

ఆ సాయంత్రం మేనత్త మా ఇంటికొచ్చింది. "మా గిరి ఆడిండు గదా, బిడ్డా? నువ్వు పక్కనే ఉంటివి గదా?" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవ్వరు రాలే అత్తా. ఆ గోల్ నాదే."

ఆ కెప్టెన్ కంటికి ఎర్ర రుమాలు ఎలా కనపడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మణికట్టు తిప్పే ఆ విద్య కూడా మళ్లీ ఎన్నడూ నా చేతికి రాలేదు. కానీ నా పక్కన పరుగెత్తింది ఎవరో నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసీ, కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆ ఒక్క గోల్ ఇవ్వడానికి నాకు మనసు రాలేదు.