కావాలని ఓడిన పట్టు

హెలెన్ గారిది గుణదల. కొండ కింద రెండు గదుల ఇల్లు, చిన్నప్పుడు చదివిన నర్సింగు, పెళ్లయిన నాలుగేళ్లకే పోయిన భర్త, ఇప్పుడు అరవైకి ఒకటి తక్కువ వయసు. ఇంతవరకు చెబితే విన్నవాళ్లు పాపం అంటారు. ఆవిడ ముఖం మీద పాపం అన్నవాణ్ణి మాత్రం నేను చూడలేదు. అంటే ఆవిడ ఊరుకునే రకం కాదు.

నా పేరు గంగాప్రసాద్. మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా పెద్దలది కొల్లేటి చేపల వ్యాపారం. వేలంపాటల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి నా నోరు కొంచెం పెద్దది, ముందే చెప్పేస్తున్నాను. బ్రిడ్జి బల్ల దగ్గర హెలెన్ గారికి ఎదురుగా కూర్చునే జోడీని నేనే.

పేకాట అనగానే మనవాళ్లకి రమ్మీ, డబ్బులు, పోలీసులు గుర్తొస్తారు. బ్రిడ్జి అలాంటిది కాదు. నలుగురు, ఇద్దరిద్దరు ఒక జోడీ, తలా పదమూడు ముక్కలు. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే అదొక పట్టు. మొదట వేసినవాళ్ల రంగే మిగతావాళ్లూ వేయాలి, ఆ రంగు లేకపోతే చేతిలో ఉన్నదేదో ఒకటి పారేయాలి. ఇన్ని పట్లు గెలుస్తామని ఆటకు ముందే మాట ఇవ్వాలి. మాట ఇచ్చిన జోడీలో ఒకరు ఇద్దరి ముక్కలూ ఆడతారు. రెండోవారు తన ముక్కలు బల్ల మీద పరిచేసి నోరు మూసుకుని కూర్చోవాలి. ఆయన్ని డమ్మీ అంటారు. నాలాంటివాడికి అంతకన్నా శిక్ష లేదు.

మా క్లబ్బు విజయవాడలోనే ఉంది, పేరు చెప్పను. చెబితే రేపు నన్ను రానివ్వరు. అక్కడికి హెలెన్ గారిని మొదట తీసుకొచ్చింది డాక్టర్ పూర్ణానంద్ గారు. నిజానికి ఆవిడే ఆయన్ని తీసుకొచ్చేవారు. వేల ఆపరేషన్లు చేసిన ఆయన చేతులు డెబ్బయ్యో ఏట వణకడం మొదలుపెట్టాయి. ముక్కలు పట్టుకుంటే జారిపోయేవి. ఇంట్లో ఆయన్ని చూసుకునే నర్సు హెలెన్ గారు. క్లబ్బులో పక్క కుర్చీలో కూర్చుని ఆయన పదమూడు ముక్కలూ ఆవిడే పట్టుకునేవారు. ఆయన కళ్లతో చూపించిన ముక్క తీసి వేసేవారు. అలా పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో బల్ల దగ్గర ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అందరూ ఆవిడని "డాక్టరు గారి చెయ్యి" అనేవారు. నేనూ అన్నాను. తప్పే చేశాను.

మాటలన్నీ కారులో ఇంటికి వెళ్లేటప్పుడు జరిగేవట. "ఏడో పట్టులో ఆ ముక్క ఎందుకు వేశాను?" అని డాక్టరు గారు అడిగేవారట. "నాకేం తెలుసండీ" అంటే "తెలియకపోతే రేపు చూడమ్మా" అనేవారట. మూడేళ్లు అలా పరీక్షలు పెట్టాక, నాలుగో ఏట ఒకరోజు హెలెన్ గారే "ఇవాళ మీరు ఆడింది తప్పు కదండీ" అన్నారు. డాక్టరు గారు ఇల్లు చేరేదాకా ఏమీ మాట్లాడలేదట. కారు దిగాక "తప్పే" అన్నారట.

మూడేళ్ల కిందట, పోయే ముందు, ఆయన చేసిన ఆఖరి సంతకాల్లో ఒకటి హెలెన్ గారి సభ్యత్వం దరఖాస్తు మీద. రెండో సంతకం నాది. ఆ సంతకం పెట్టడానికి వారం రోజులు ఆలోచించాను, దాచుకోవడమెందుకు. పెట్టాక మాత్రం ఎదురు కూర్చునే జోడీ దొరికింది. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాననుకున్నవాణ్ణి, ఆవిడతో కూర్చున్నాకే ఆట నేర్చుకున్నాను.

ఇక గొడవ సంగతి. పోయిన ఆగస్టులో ఒక ఆదివారం క్లబ్బులో పోటీ పెట్టారు. ఇలాంటి పోటీల్లో పంచిన ముక్కల్ని అలాగే ఒక పళ్లెంలో పెట్టి బల్ల నుంచి బల్లకు పంపుతారు. అంటే ఐదు బల్లల మీదా అవే ముక్కలు, ఎవరు ఎంత బాగా ఆడారో తేలిపోతుంది. మా ఎదురు జోడీలో ఒకరు భుజంగరావు గారు, రెండోవారు కంకిపాడు రైసుమిల్లు ఆయన. భుజంగరావు గారు సూపరింటెండింగ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు, క్లబ్బుకి ఉపాధ్యక్షుడు. మంచి ఆటగాడు, కాదనను. ఓడిపోవడం మాత్రం చేతకాదు.

పన్నెండో పళ్లెంలో మేము తురుపు లేకుండా పన్నెండు పట్లు గెలుస్తామని మాట ఇచ్చాం. నా ముక్కలు పరిచాను. పరిచి, ఆవిడ ఇచ్చిన మాటని బట్టి లెక్క చూసుకున్నాను. పదకొండు పట్లు ఖాయం. పన్నెండోది ఎక్కడా లేదు. హెలెన్ గారు ముక్కల వైపు కాసేపు చూశారు. నాలుగో పట్టుకి వచ్చేసరికి ఆవిడ చేతిలో కళావరు ఆసు ఉంది, వేస్తే పట్టు మాదే. ఆవిడ వేయలేదు. చిన్న ముక్క వేసి ఆ పట్టు భుజంగరావు గారికి వదిలేశారు. డమ్మీని కాకపోతే అరిచేసేవాణ్ణి.

ఆ తర్వాత ఆవిడ గెలిచేవన్నీ ఒక్కొక్కటే గెలుచుకుంటూ పోయారు. చివరికి తలా మూడు ముక్కలు మిగిలాయి. ఆవిడ ఆఖరి డైమను వేశారు. భుజంగరావు గారి దగ్గర డైమను లేదు, ఏదో ఒకటి పారేయాలి. ఆయన చాలాసేపు ఆలోచించారు. నుదురు తుడుచుకున్నారు. ఇస్పేటు రాణిని పారేశారు. అంతే, మిగతా రెండు పట్లూ మావే అయ్యాయి. పన్నెండు. మిగతా నాలుగు బల్లల మీద పదకొండుకి మించి ఎవరికీ రాలేదు.

ఆ సంగతి తెలియగానే భుజంగరావు గారు లేచి నిలబడ్డారు. "ఆసు చేతిలో పెట్టుకుని పట్టు వదిలేశారండీ ఈవిడ. నా చేతిలో ఏముందో తెలియనివాళ్లు ఆ పని చెయ్యరు. ఈవిడ నా ముక్కలు చూసింది" అన్నారు హాలంతా వినపడేలా. అక్కడితో ఆగలేదు. "పదకొండేళ్లు పక్కన కూర్చుని ముక్కలు చూసిన అలవాటు ఎక్కడికి పోతుంది" అని కూడా అన్నారు.

"నేను చూసింది డాక్టరు గారి ముక్కలండి. పట్టుకునేదాన్ని చూడకుండా ఎలా పట్టుకుంటాను?" అన్నారు హెలెన్ గారు. ఎవరూ వినిపించుకోలేదు.

మర్నాడు క్లబ్బు సెక్రటరీ గారు ఒక ఉత్తరం టైపు చేయించి హెలెన్ గారికి పంపారు. అందులో ఉన్నది ఇంతే: పొరపాటున ఎదుటివారి ముక్కలు నా కంటబడ్డాయి, ఇకపై జాగ్రత్తగా ఉంటాను. బుధవారం లోపు దీని మీద సంతకం పెడితే హెచ్చరించి వదిలేస్తారు. పెట్టకపోతే సభ్యత్వం తీసేస్తారు.

నేను మంగళవారం గుణదల వెళ్లాను. ఆవిడకి నచ్చచెబుదామని వెళ్లాను, ఆ మాట రాసుకోవడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

"సంతకం పెట్టేయండి హెలెన్ గారూ. ఒక్క కాగితంతో పోతుంది. మనకి ఆటన్నా మిగులుతుంది" అన్నాను.

"ఎవరికి మిగులుతుందండీ ఆట? చూసి ఆడిన మనిషికి మిగులుతుంది. ఆ మనిషి నేను కాదుగా."

"క్లబ్బుతో పోట్లాడి గెలుస్తామా చెప్పండి."

ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టారు. "మీరు బల్ల దగ్గర డమ్మీగా ఉంటే చాలు గంగాప్రసాద్ గారూ. మా ఇంట్లో కూడా అక్కర్లేదు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాఫీ తాగి వచ్చేశాను. ఆ రాత్రి నా మీద నాకే అసహ్యం వేసింది.

బుధవారం సాయంత్రం పేకాట గదిలోనే మీటింగు. పదిహేనుమంది దాకా ఉన్నారు. సెక్రటరీ గారు ఉత్తరం, పెన్ను బల్ల మీద పెట్టారు. హెలెన్ గారు వాటిని ముట్టుకోలేదు. "ఆ పన్నెండో పళ్లెం తెప్పించండి" అన్నారు. సాక్ష్యం కింద దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు కాబట్టి ముక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆవిడ నాలుగు చేతుల్లో చివరికి మిగిలిన మూడేసి ముక్కలు ఏరి, అందరికీ కనిపించేలా తెరిచి పరిచారు. ఆవిడ వైపు డైమను నాలుగు, ఆఠీను రాణి, చిన్న ఇస్పేటు. నా వైపు ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీ, ఎందుకూ కొరగాని కళావరు రెండు. భుజంగరావు గారి వైపు ఇస్పేటు రాజు, ఇస్పేటు రాణి, ఆఠీను రాజు. మిల్లు ఆయన దగ్గర పనికొచ్చేదేమీ లేదు.

"నేను మీ ముక్కలు చూశానన్నారు భుజంగరావు గారూ. ఇప్పుడు నావి మీరు చూడండి. మా ఇద్దరివీ చూడండి, నాలుగు చేతులూ చూడండి. డైమను వేస్తున్నాను. చూసుకుని మీ పట్టు కాపాడుకోండి."

భుజంగరావు గారు నవ్వి ఆఠీను రాజు పారేశారు. ఆవిడ ఆఠీను రాణి వేశారు. రాజు పోయింది కాబట్టి ఇప్పుడు అదే పెద్దది. తర్వాత చిన్న ఇస్పేటు వేసి నా ఆసుతో పట్టారు. మూడు పట్లూ మావే.

ముక్కలు వెనక్కి పెట్టారు. ఆయన ఈసారి ఆదివారం నాటిలాగే ఇస్పేటు రాణి పారేశారు. ఆవిడ చిన్న ఇస్పేటు వేసి నా ఆసు తీశారు, దాని కింద ఆయన రాజు పడిపోయింది, నా జాకీ రాజ్యమేలింది. మళ్లీ మూడూ మావే. మూడోసారి ఆయన ఇస్పేటు రాజు పారేశారు. అప్పుడు రాణి పడింది, అంతే తేడా.

దీన్ని ఆటలో స్క్వీజు అంటారు. డాక్టరు గారు మాత్రం "ముందు నుయ్యి వెనక గొయ్యి" అనేవారట. రెండు రంగులు కాపాడుకోవాల్సిన మనిషి చేతిలో ఒక్క ముక్క తక్కువైతే ఏ రంగు వదిలినా మునిగినట్టే.

"మరి నాలుగో పట్టు ఎందుకు వదిలారు?" అన్నారు సెక్రటరీ గారు. ఆయన గొంతులో ఇప్పుడు విచారణ లేదు, తెలుసుకుందామనే ఉంది.

హెలెన్ గారు నాలుగు చేతుల్లోనూ ఒక్కో ముక్క కలిపారు. భుజంగరావు గారి వైపు కలిపింది ఒక కళావరు. "ఆ పట్టు నేను తీసేసుకుని ఉంటే ఈయన దగ్గర ఇదొకటి అదనంగా ఉండేదండి. డైమను వేయగానే దీన్ని పారేసి కులాసాగా కూర్చునేవారు. ఎలాగూ ఒక పట్టు ఓడిపోవాలి. అదేదో ముందే ఓడిపోతే ఈయన దగ్గర పారేయడానికి ఏమీ మిగలదు."

"ఆ పెద్ద ముక్కలన్నీ నా దగ్గర ఉంటేనో?" అన్నారు మిల్లు ఆయన. ఆవిడ అదనపు ముక్కలు తీసేసి, ఆ ఇద్దరి చేతులూ అటుదిటు మార్చి డైమను వేశారు. ఆయనా మునిగారు.

"రెండు చేతుల్లో విడిపోయి ఉంటేనో?" అన్నారు భుజంగరావు గారు.

"ఓడిపోతానండి. మిగతా నాలుగు బల్లల్లాగే పదకొండు వస్తాయి. పన్నెండుకి ఇదొక్కటే దారి నాకు. మీవి చూసినా ఇదే ఆట, చూడకపోయినా ఇదే ఆట. ఏమీ కలిసిరాని దానికి దొంగతనం ఎందుకు చేస్తానండీ?"

సెక్రటరీ గారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరేనండీ, ఇది అక్కర్లేదు. మీరు ఎప్పటిలాగే రావచ్చు" అన్నారు. పెద్ద మనసు చేసుకున్నట్టు చెయ్యి కూడా ఊపారు.

హెలెన్ గారు కుర్చీలోంచి కదల్లేదు. "రావచ్చా అని మిమ్మల్ని అడగలేదండి. ఆదివారం అందరి ముందూ చూసిందన్నారు. ఇవాళ అందరి ముందూ చూడలేదనాలి."

"ఇంత జరిగాక ఇంకా అనడం దేనికమ్మా, అర్థమైపోయిందిగా అందరికీ" అన్నారు మిల్లు ఆయన.

"అర్థమైతే అనడానికేమండీ?"

అందరూ భుజంగరావు గారి వైపు తిరిగారు. ఆయన బల్ల మీది ముక్కల్ని సర్దడం మొదలుపెట్టారు. తలెత్తకుండానే "చూసి ఉండకపోవచ్చు" అన్నారు.

"అదేం మాటండీ. చూశానా, లేదా?"

ఆయన పెదవులు కదిలాయి. పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినపడలేదు. హెలెన్ గారు వెనక వరసలో కూర్చున్నవాళ్ల వైపు చూసి, "మీకు వినపడిందాండీ?" అని అడిగారు. వాళ్లు లేదన్నట్టు తల ఊపారు.

"వాళ్లకి వినపడలేదంటండి" అన్నారు హెలెన్ గారు.

భుజంగరావు గారు కుర్చీ వెనక్కి జరిపి, ఆదివారం నిలబడ్డట్టే లేచి నిలబడ్డారు.

"హెలెన్ గారు నా ముక్కలు చూడలేదు" అన్నారు.