కషాయంలో నేను కలిపింది

"ఇందులో ఇంకేం కలపలేదు కదే?" అన్నారు మా బావ, కషాయం గ్లాసు రెండు చేతులా పట్టుకుని.

"లేదండి బావా, ఒట్టి కషాయమేనండి" అన్నాను.

నవ్వారు. తాగారు. దీపాలు పెట్టే వేళకే పడుకున్నారు. తెల్లారి లేవలేదు. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే.

ఆ రోజు ఒట్టి కషాయమే. ఒట్టేసి చెబుతాను. కానీ అంతకు పదకొండేళ్ళ ముందు, ఒక పొద్దున, ఒట్టిది కాదు. ఆ గ్లాసు బరువు అప్పట్నుంచీ నా గుండెల మీదే ఉంది. నీళ్ళు మోసిన బిందెనైనా ఎక్కడో ఒకచోట దింపుతాం. దీన్ని నేను ఎక్కడా దింపలేదు.

చదివే తల్లీ, నాకు రాయడం రాదు. నా పేరు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా వదినగారు రాస్తున్నారు. ఆవిడ మా ఆయనకు, అంటే మా బావకు, అక్క; బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నాది బొంగురు గొంతు, ఆవిడకు చెవి మందం. అందుకని అరిచి చెబుతున్నాను. పక్కింటివాళ్ళు వింటే విననీ. ఇన్నేళ్ళూ గుసగుసగానైనా పైకి రాని మాట ఇది.

మా బావ విమానాలు నడిపేవారు కాదు. నడిపేవాళ్ళకు దారి చెప్పేవారు. పెద్ద పట్నంలో, తెర ముందు కుర్చీలో ఉద్యోగం. ఎవరు ఎంత ఎత్తులో ఉండాలో, ఎవరికెవరు ఎంత ఎడంగా పోవాలో చెప్పాలి. "రేవులో రెండు పంటు పడవలు ఎదురుపడితే నడిపే సరంగులు కేకలేసుకుని తప్పుకుంటారు. పైన కేకలు వినపడవు కదా, అందుకే నేను" అనేవారు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. ఈయన ఒక మాట చెబితే అవతల పైలట్ అదే మాట తిరిగి చెప్పాలి. ఆ తిరిగి చెప్పింది సరిగ్గా ఉందా లేదా అని ఈయన చెవిపెట్టి వినాలి. ఆ పద్ధతి మా ఇంటికీ వచ్చేసింది. చదువురాని నాకు చీటీ రాసిచ్చి ఏం లాభం? "అరకేజీ వంకాయలు, ముదురువి వద్దు" అంటారు ఆయన. "అరకేజీ వంకాయలండి, ముదురువి వద్దండి" అని నేను తిరిగి చెప్పాలి. అప్పుడే గుమ్మం దాటాలి. అదే మాకు చీటీ.

ఆ ఏడు మా తమ్ముడి పెళ్ళి, పి.గన్నవరంలో. బావకు నాలుగు రోజుల సెలవు దొరకడమే గగనం. పెళ్ళి వారం ఉందనగా దగ్గు పట్టుకుంది. డాక్టరు సీసా రాసిచ్చాడు. దాన్ని అలమరలో పెట్టి నాతో అన్నారు: "ఇది తాగితే మగతొస్తది. తాగిన రోజు కుర్చీలో కూర్చోకూడదు. సెలవు పెట్టాలి. ఇప్పుడు సెలవు పెడితే పెళ్ళి సెలవు పోద్ది. ఏదీ, తిరిగి చెప్పు."

"మగతొస్తదండి. తాగితే డ్యూటీ చెయ్యకూడదండి."

చూశావా తల్లీ. నాకు తెలియక చేశానని అనడానికి లేదు. నా నోటితో నేనే తిరిగి చెప్పాను.

నాలుగు రోజులు దగ్గుతూనే ఉన్నారు. అయిదో రోజు పొద్దున మిరియాలు, శొంఠి దంచి కషాయం కాచాను. సీసా తీసి రెండు మూతల మందు అందులో పోశాను. రుచి తెలియకుండా తాటిబెల్లం ఎక్కువ వేశాను. "ఏంటే ఇవాళ ఇంత తియ్యగా ఉంది?" అన్నారు. "బెల్లం చెయ్యి జారిందండి" అన్నాను. గటగటా తాగి డ్యూటీకి వెళ్ళారు.

ఎందుకు పోశాను? ఆయన దగ్గు చూడలేకే అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం ఇది: దగ్గు తగ్గాలి, పెళ్ళి సెలవూ పోకూడదు; రెండో తరగతితో బడి మానేసిన నేను, ఆఫీసరు మొగుడి పక్కన, మా వాళ్ళందరి ముందూ పెళ్ళి పందిట్లో ముందు వరసలో కూర్చోవాలి. ఆ కోరిక ముందు ఆయన చెప్పిన మాట నాకు చిన్నదైపోయింది.

ఆ మధ్యాహ్నం కిందికి దిగుతున్న ఒక విమానాన్ని ఫలానా ఎత్తు దగ్గర ఆగమన్నారు బావ. పైలట్ తిరిగి చెప్పేటప్పుడు వెయ్యి అడుగులు తక్కువ చెప్పాడు. బావ చెవిలో ఆ మాట పడింది, కానీ బుర్రకెక్కలేదు. "దూది పెట్టుకుని విన్నట్టుందే" అన్నారు తరవాత, ఇంటికొచ్చి, చొక్కా అయినా విప్పకుండా నేల మీద కూలబడి. ఆ తక్కువ ఎత్తులోనే అడ్డంగా ఇంకో విమానం వస్తోంది. తెర మీద ఎర్రగా వెలిగింది. రెండింటి మధ్యా ఉండాల్సిన ఎడంలో సగం కూడా మిగల్లేదట. ఒకదాన్ని పక్కకి తిప్పారు. ఇంకోదాన్ని పైకి లేపారు. తప్పిపోయాయి. లోపల కూర్చున్నవాళ్ళు టీ తాగుతూనే ఉండి ఉంటారు.

ఆయన్ని కుర్చీలోంచి లేపేశారు. రికార్డు పెట్టి విన్నారు. మందులేమైనా వాడారా అని అడిగారు. "లేదండి" అన్నారు. అబద్ధమాడని మనిషి చేత అబద్ధం చెప్పించాను, అది అబద్ధమని ఆయనకే తెలియకుండా. ఆరు నెలలు కాగితాల పని. మళ్ళీ పరీక్ష పెట్టి కుర్చీ ఇచ్చారు గానీ 'కునుకాయన' అన్న పేరు రిటైరయ్యేదాకా వదల్లేదు. మా తమ్ముడి పెళ్ళికి ఇద్దరం వెళ్ళలేదు.

అప్పుడే చెప్పొచ్చు కదా? నోటిదాకా వచ్చింది. అదే రోజు వదినగారు బావకు ఫోన్ చేశారు. "చదువుకున్న పిల్లని చేసుకోరా అంటే మేనమామ కూతురే కావాలన్నావు. ఇంట్లో ఏం పోరో ఏంటో, డ్యూటీలో నిద్రపోయేవు!" ఫోను పక్కనే ఉన్న నాకు అంతా వినపడింది. నోరు మూతపడింది. ఒక రోజు మూసిన నోరు మర్నాడు ఇంకా బిగుసుకుంది.

కలం ఆగింది.

"అదీ రాయాలంటావా?" అన్నారు వదినగారు.

"రాయాలండి. నాది రాసేరు కదా, మీదీ రాయండి."

"...ఆయ్" అన్నారు. రాశారు.

మొన్న ఆదివారం బావ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఏడాదైంది ఆయన పోయి. వదినగారు లేచి, "మా తమ్ముడు మచ్చలేని మనిషి, ఆ ఒక్క కునుకు తప్ప" అన్నారు. నాకెక్కణ్ణుంచి వచ్చిందో ఆ గొంతు. "కునుకు కాదండీ!" అని అరిచాను. పాస్టరుగారి చేతిలో పుస్తకం అదిరింది. అందరూ నా వైపు తిరిగారు. అంతవరకే చెప్పగలిగాను. మిగతాది ఇవాళ చెబుతున్నాను.

వదినగారూ, ఇది పెద్ద అక్షరాలతో రాయండి. మా బావ నిద్రపోలేదు. పెళ్ళామే ఒంట్లోకి మత్తు పోసినా, పోసిందని తెలియకపోయినా, ఎర్ర దీపం చూడగానే రెండు మాటల్లో రెండు విమానాలను విడదీసిన మొనగాడు! ఆ రోజు అందరూ ప్రాణాలతో ఇళ్ళకు చేరారంటే ఆయన వల్లే. తప్పు నాది. గెలుపు ఆయనది. ఇది పైకి అంటుంటే నా బొంగురు గొంతే నాకు పెళ్ళి బాజాలా ఉంది.

మరి ఆఖరి రోజు ఆ మాట ఎందుకు అడిగారు? ఎందుకు నవ్వారు? సీసాలో మందు తగ్గడం అప్పుడే చూశారా? తెలిసే నా తప్పు మోశారా? ఉత్త సరదాకి అన్నారా? నాకు తెలియదు. ఇక తెలియదు. క్షమించమని ఆయన్నీ అడగలేను, నిన్నూ అడగను తల్లీ. నువ్వు విన్నావు, అది చాలు.

పత్రికకు పంపే కాపీలో పేర్లు వద్దు. ఆయన ఆఫీసుకు పంపే కాపీ కింద మాత్రం నా సంతకం నేనే పెడతాను, వంకరైనా సరే.

వదినగారూ, కళ్ళజోడు తుడుచుకోండి. నేను చెప్పింది చెప్పినట్టే రాశారా? మొదట్నుంచీ తిరిగి చదవండి. ఒక్కో మాటా వింటాను.