కొండవైపు లాగే కారు

ఆ రోజుల్లో తిరుపతిలో కాపురముండేవాళ్లకు సొంత మంచమంటూ ఉండేది కాదు. దర్శనానికి వచ్చిన చుట్టం ఎవరో ఒకరు దాని మీద గురక పెడుతూనే ఉండేవారు. వాళ్లను కొండ బస్సు ఎక్కించడం, గుండ్లతో దిగివస్తే చందనం కలిపివ్వడం నా ఉద్యోగం. ఊరందరినీ కొండకు పంపే మాకు మాత్రం కొండెక్కే తీరిక చిక్కేది కాదు. రోజూ కనిపించే కొండే కదా, ఎక్కడికి పోతుందని ధీమా. ఆ ధీమాలోనే నా గుండు మొక్కు ఏళ్ల తరబడి నిలిచిపోయింది. (మొక్కింది మా అవ్వ, ఇవ్వవలసిన జుట్టు నాది. చిన్నప్పుడు నేను టైఫాయిడ్‌తో పడుకుని ఉండగా, నన్ను అడక్కుండా కుదిరిన ఒప్పందమది.) ఈలోగా నేను డిగ్రీలో ఫిజిక్సు చదువుతూ మెడ దాకా జుట్టు పెంచాను. కాలేజీలో నాకున్న గౌరవంలో ముప్పాతిక వంతు దానిదే.

అప్పుడే మా నాయన చిత్తూరులో ఒక పాత కారు కొన్నాడు. ఎలా ఉందో చూద్దామని ఆయన్ను పక్కన, అవ్వను వెనక కూర్చోబెట్టుకుని రేణిగుంట రోడ్డెక్కాను. స్టీరింగు కాస్త వదులు చేస్తే చాలు, బండి ఎడమకు వాలిపోతోంది. ఆ దారిలో కొండ ఎడమచేతి వైపే ఉంటుంది. అవ్వ చేతులు జోడించింది.

“స్వామి పిలుస్తా ఉండాడురా. మొక్కు ఎగ్గొడితే ఊరుకుంటాడా?”

నాకు ఒళ్లు మండింది. పెట్రోలు బంకులో ఆపి అన్ని చక్రాలకూ గాలి సరిచేయించాను. మళ్లీ ఎడమకే. “సూస్తివా?” అంది అవ్వ. సరే, రుజువే కదా కావాలి! రేణిగుంటలో బండి వెనక్కి తిప్పాను. ఇప్పుడు కొండ కుడివైపు, కారు మాత్రం ఎడమకే. “స్వామి ఆ పక్క ఉంటే కారు ఈ పక్కకు పోతుందేం అవ్వా?” అని నిలదీశాను. ఆమె తడుముకోలేదు.

“పిలిస్తే రాకపోతివి. ఇప్పుడు పో అని తోసేస్తా ఉండాడు.”

నాయన మీసం కింద నవ్వుకుని తీర్పు చెప్పేశాడు. “ఈ రగడంతా ఎందుకురా? ఆదివారం పోయి గుండు కొట్టించుకో. బండి నేరుగా పోతాదేమో సూస్తాం.”

సోమవారం కాలేజీ గ్రూపు ఫోటో! ఒక కారు రోగానికి ఇంకొకరి తల గొరగడం ఏ శాస్త్రంలో ఉంది?

మరునాడే సాక్షులిద్దరినీ మెకానిక్ షెడ్డుకు లాక్కెళ్లాను. ముందు చక్రాలు రెండింటినీ అటుదిటు, ఇటుదటు మార్పించాను. తప్పు టైరుదైతే బండి ఇప్పుడు కుడికి లాగాలి. లాగకపోతే నా జుట్టు సంగతి అంతే. లాగింది! ఎదురుగా వచ్చే బస్సువాడి తిట్లు కూడా నాకు చప్పట్లలా వినిపించాయి. “టైరే సార్, లోపల పాడయిపోయుండాది,” అన్నాడు మెకానిక్. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. “అయినా పెద్దామె చెప్తా ఉండాది గదా, ఒక తూరి కొండకు పోయిరాండి,” అని కూడా కలిపాడు.

కొత్త టైరు వేయించాక కారు గీత గీసినట్టు నేరుగా పోయింది. స్టీరింగు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి, “టైరు అవ్వా, టైరు!” అని అరిచాను. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నా దువ్వెనకు పెద్దగా పని లేదు. జుట్టు కోసం అంత న్యాయపోరాటం చేసిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే, పాపం, ముచ్చటేస్తుంది. అవ్వ మాత్రం ఆ రోజు ముందుకు వంగి, రోడ్డు వంక కాదు, నా మెడ మీది జుట్టు వంక చూసింది.

“బాగుండాది. నేను మొక్కింది టైరుకు కాదు గదరా, నీకు.”