పాలిష్ బాబాయి ఏ పక్షం?

మా పాలిష్ బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. టీవీ సీరియల్లో తప్పెవరిదో తేల్చందే ఆయనకు తెల్లవారదు. తేల్చిన మాట మీద నిలబడితే మాకే అభ్యంతరమూ ఉండేది కాదు. మర్నాటికి ప్లేటు ఫిరాయిస్తాడు. పైగా, నిన్న తన మాట నమ్మినవాళ్లనే ఇవాళ తిడతాడు!

కుర్చీలూ బల్లలూ చేసే షెడ్డు మాది. నేను వడ్రంగిని, ఆయన పాలిష్ వేస్తాడు. చుట్టరికం ఏమీ లేదు, వయసును బట్టి అందరికీ బాబాయి. పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. చెక్కలో గీతలు ఎటు పోతే గరుకు కాగితం అటే నడవాలి. ఎవరైనా అడ్డంగా రుద్దారా, ఆ రోజంతా వాళ్లతో మాట్లాడడు. చెక్క దగ్గర ఇంత మర్యాద తెలిసిన మనిషి మనుషుల్ని మాత్రం అడ్డంగానే రుద్దుతాడు.

అప్పట్లో అందరి ఇళ్లలోనూ ఒకటే సీరియల్. మరిది ఇంట్లో నగలు కాజేస్తాడు. పెద్దకోడలు ఆ నింద తన నెత్తిన వేసుకుంటుంది.

"మనిషంటే అదిరా!" అన్నాడు బాబాయి పొద్దున్నే, పాలిష్ డబ్బా మూత తీస్తూ. "ఇల్లు నిలబెట్టడానికి చెయ్యని దొంగతనం ఒప్పుకుంది. నీకుందా ఆ గుండె?"

"నాకెందుకు బాబాయ్? నేనేం తియ్యలేదుగా!"

"ఇదిగో, ఇలాంటి మాటలే నీకొచ్చేవి."

ఆలోచిస్తే నిజమే అనిపించింది. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడతో, అదీ త్యాగమంటే, అన్నాను. "దొంగని దాచడం త్యాగమా?" అంది తను. బాబాయి మాటలన్నీ వరసపెట్టి అప్పజెప్పాను. మా ఆవిడ కూరగిన్నె నాకు అందనంత దూరం జరిపింది. ఉట్టి మజ్జిగతో తిని లేచాను.

పొద్దున్నే వెళ్లి బాబాయికి చెప్పుకున్నాను.

"ఎవడు చెప్పాడ్రా నీకు అది త్యాగమని?" అని ఎగిరిపడ్డాడు.

"నువ్వే బాబాయ్! నిన్న!"

"నిన్నటి సంగతి నిన్నటిది. దొంగని దాచడం త్యాగమా? ఎంత బాగా చెప్పింది మీ ఆవిడ! ఆమె దగ్గర కాస్త బుద్ధి నేర్చుకో."

నా కూర పోయింది, పరువూ పోయింది.

సినిమాకి తీసుకెళ్లినా ఇదే తంతు. విశ్రాంతి దాకా హీరోని తిట్టాడు. తర్వాత వాడి కోసమే కళ్లు తుడుచుకున్నాడు. బయటికొచ్చాక, "వీడికంటే విలనే నయంరా, చెప్పిన మాట మీద నిలబడ్డాడు" అన్నాడు. మాట మీద నిలబడటం గురించి ఈయనా చెప్పేది! నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి పెద్దకోడలు ఇల్లు వదిలి వెళ్లిన మర్నాడు, పొద్దున "వెళ్లాల్సిందే" అన్నవాడు మధ్యాహ్నం అన్నం ముందు "ఎలా వెళ్తుంది?" అన్నాడు. ఒకే పూటలో రెండు నాలుకలు! ఇక లాభం లేదు, సీరియల్ వచ్చే వేళకు ఆయన ఇంటికే వెళ్లి అక్కడే నిలదీద్దామని బయల్దేరాను.

తలుపు తీసే ఉంది. మంచం మీద దిండ్లకు ఆనుకుని బాబాయి వాళ్లక్క. పక్షవాతంతో మాట పడిపోయి తమ్ముడి దగ్గరే ఉంటోందని మాకు తెలుసు. బాబాయి నన్ను చూసి, కూర్చోమని సైగ చేశాడు.

"వెళ్లిపోయి మంచి పని చేసింది కదక్కా?" అన్నాడు.

ఆవిడ తల ఊపింది. బాబాయి ముఖం వాడిపోయింది.

"ఆలోచిస్తే తప్పేలే. మరిది చిన్నవాడు, పాపం..."

మంచం కిర్రుమంది. "ఏం... పాపం?" అంది అక్క, ఒక్కో మాటా రాయెత్తినట్టు. "దొం... దొంగ వాడు!"

"తెలియక తీశాడక్కా."

"నువ్వు... చిన్నప్పుడూ ఇంతే. బుర్ర... లేదు నీకు!"

బాబాయి ముఖం వెలిగిపోయింది. నన్ను వంటింట్లోకి లాక్కెళ్లాడు. "'చిన్నప్పుడూ' అంది, విన్నావా? మొన్నటి దాకా ఆ మాటకి నోరు తిరగలేదురా! మాట్లాడిస్తే మాటొస్తుందన్నాడు డాక్టరు. బాగున్నావా అంటే తల ఊపుతుంది. అన్నం తింటావా అంటే తల ఊపుతుంది. కోపమొస్తేనే నోరు తెరుస్తుంది. చెక్కని గీత వెంట రుద్దాలి కానీ, మా అక్కని అడ్డంగానే రుద్దాలి. ఏ రోజు ఏ పక్షం పడుతుందో తెలీదు. రెండు వైపులా మాటలు సిద్ధంగా ఉంచుకోవాలి కదా!"

"దానికి మా ప్రాణాలు తియ్యాలా?"

"మీతో పోట్లాడితేనే కదరా నాకు కొత్త మాటలు దొరికేది! మీ ఆవిడ చెప్పిందే, అది వారమంతా పనికొచ్చింది."

నా కూర ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది.

"ఒరే..." లోపలి నుంచి అక్క పిలిచింది. వెళ్లాం. నావైపు వేలు చూపించి, "నువ్వు... ఏ పక్షం?" అంది.

నేను నూటికి నూరుపాళ్లూ ఆవిడ పక్షమే. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. బాబాయి నా భుజం పట్టుకుని నొక్కాడు.

"మరిది బంగారం లాంటి కుర్రాడు అత్తయ్యా," అన్నాను.

అత్తయ్య ఊపిరి గట్టిగా పీల్చుకుంది. ఆ తర్వాత నన్ను తిట్టిన తిట్టు ఎక్కడా తడబడకుండా, మొదలు నుంచి చివరి దాకా ఒక్క గుక్కలో వచ్చింది. బాబాయి చప్పట్లు కొట్టాడు. ఆ తిట్టేమిటో మాత్రం ఇక్కడ రాయను.