కోకిల తప్పు కాదు

కొన్నేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా భార్య కోకిలకు ప్రాణమైన పనిని ఆమెకు దూరం చేసింది నేను. ఆమె పొరపాటు చేసిందని ఆఫీసులో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అదే నమ్మింది. కాదని నాకొక్కడికే తెలుసు.

మాది కోయంబత్తూరు. ఇద్దరం ఒకే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాళ్లం. అవినాశి, తిరుప్పూరు వైపు బనియన్ కంపెనీలకు ఆర్డర్లు, స్టాకు చూసే ప్రోగ్రాం మాది. అక్కడ ముందు చేరింది నేను. కోకిలను చేర్పించిందీ నేనే. సర్వర్ పని ఓనమాల నుంచి నేర్పిందీ నేనే. నేర్పినవాడికి గర్వం ఉండాలి కదా? నాకెందుకు లేకపోయింది?

చూస్తూండగానే సర్వర్ల బాధ్యత ఆమె చేతికొచ్చింది. నేను ఫోనెత్తితే అవతలివాళ్లు మేడం లేరా అని అడిగేవారు. అవినాశిలో ఒక పెళ్లిలో బనియన్ కంపెనీ ఓనరొకాయన నన్ను తన తమ్ముడికి పరిచయం చేశాడు, కోకిల మేడం ఇంటాయన అని. నా పేరు ఆయనకు తెలియదు. నవ్వాను. ఇంటికొచ్చాక ఏదో వంక పెట్టుకుని ఆమె మీద విసుక్కున్నాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

సర్వర్‌లో ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఒక మూల లైబ్రరీ ఉంటుంది. ఏ ప్రోగ్రాంకు మెమొరీ కావాలన్నా దాన్నే అడగాలి. పాతది ఇక భద్రం కాదని కోకిల కొత్తది ఎక్కించింది. చేయవలసిన పనే. ముందు వేరే మెషిన్‌లో పెట్టి చూసింది కూడా. కానీ బనియన్ కంపెనీలన్నీ ఒక్కసారిగా పని మొదలెట్టేసరికి మా ప్రోగ్రాం నత్తనడక పట్టింది. పెట్టెల మీద అంటించే స్టిక్కర్లు బయటికి రాక అవినాశిలో లారీలు నిలబడిపోయాయి. మేనేజరు కోకిలను అందరి ముందూ నిలబెట్టి తిట్టాడు. ఆమె బనియన్ కంపెనీవాళ్లకు స్వయంగా జవాబు చెప్పి వస్తానని అవినాశి బస్సెక్కింది.

ఆమె అటు వెళ్లిందో లేదో, నాకు కారణం దొరికింది. కొత్త లైబ్రరీలో మెమొరీ పంచే పద్ధతి మారింది. ఒకేసారి ఎన్నో పనులు నడిపే మా ప్రోగ్రాంకు అది పడలేదు. అంతే. ప్రోగ్రాం మొదలయ్యేచోట ఒక్క వరుస సెట్టింగ్ రాస్తే చాలు. నా మెషిన్‌లో రాసి చూశాను. మునుపటిలా పరుగెత్తింది.

రాసిన వరుసను చెరిపేశాను.

ఆమె పడిపోవాలని కోరుకున్నానా? లేదనే అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క పూట, మేడం లేరా అని ఎవరూ అడగని ఒక్క పూట గడిస్తే చాలు, ఆ తర్వాత చెబుదాం, అప్పుడు నా పేరూ వినబడుతుంది, ఆమె మాటా దక్కుతుంది అనుకున్నాను. ఎంత చక్కగా సర్దుకున్నానో చూడండి.

సాయంత్రం ఆమె తిరిగొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గడప దగ్గరే నిలబడి, మా ఊరి తమిళంలో ఏమండీ అని పిలిచి, సత్యంగా చెప్పమని అడిగింది.

"ఏనుంగ, సత్తియమా చెప్పండి. నా దాంట్లో తప్పుండాదా?"

లేదన్న ఒక్క మాట సరిపోయేది. నేను టీవీ వైపు చూస్తూ అన్నాను.

"నీవు ఇంకా బాగా చూసి పెట్టుండాల, కోకిలా. నాకు అట్లే తోస్తా ఉండాది."

"అట్లంటే ఈ పని నాకు రాదనేది నిజమే."

"విడు. అందరికీ అన్నీ వస్తాయా?"

ఆమె తలూపింది. నా మాట నమ్మింది. నేర్పినవాణ్ణి కదా.

పాత లైబ్రరీనే మళ్లీ పెట్టారు. సర్వర్లు ఆమె చేతినుంచి తీసేశారు. కొన్నాళ్లు తను రాసినదంతా తిరగేస్తూ, లేని తప్పు కోసం వెతుక్కుంది. తర్వాత రాజీనామా ఇచ్చింది. ఆపేవాళ్లలో నేను లేను.

ఎప్పటికైనా కొత్త లైబ్రరీ ఎక్కించక తప్పదు. ఈసారి నేను ఎక్కించాను, ఆ ఒక్క వరుసతో సహా. అందరూ మెచ్చుకున్నారు. ఆమె కుర్చీ నాకిచ్చారు. ఆ రోజు కోకిల పాయసం చేసింది. తనకు దొరకనిది నాకు దొరికిందని వాళ్లమ్మకు ఫోన్‌లో మురిసిపోతూ చెప్పింది. రెండో గ్లాసు కూడా అడిగి తాగాను.

ఇప్పుడామె అన్నూరులో వాళ్ల మామ నూలు కొట్టులో బిల్లులు వేస్తుంది. అక్కడి కంప్యూటర్ కాస్త మొరాయిస్తే చాలు, నాకు ఫోన్ చేస్తుంది. తాను తాకితే ఇంకా చెడిపోతుందని భయం. ఒకప్పుడు సర్వర్ల గదంతా ఒంటరిగా చూసుకున్న మనిషి.

ఇంకొకటుంది. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. ఆ ఫోన్ వచ్చినప్పుడల్లా నాలో ఎక్కడో ఒక చిన్న సంతోషం కదులుతుంది. ఇప్పటికీ. అసూయ చచ్చిపోయిందని, మిగిలింది పశ్చాత్తాపమేనని మీకు చెప్పాలని ఉంది. అది అబద్ధం.

మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ చదవలేం. కోకిలకు తమిళం, ఇంగ్లీషే చదవడం వచ్చు. ఈ అక్షరాలు చిన్నప్పుడు మా అవ్వ దగ్గర దిద్దుకున్నది నేనొక్కణ్ణే. అందుకే ఈ కాగితాలు బల్లమీద పరిచే ఉంచాను. పొద్దున కోకిల వాటిని ఎత్తి, బల్ల తుడిచి, వరుస తప్పకుండా మళ్లీ అక్కడే పెట్టింది. పై కాగితం మీద మొదటి మాట తన పేరేనని ఆమెకు తెలియదు.

ఆమె బస్సుకు వెళ్లిపోయింది. నేనిక్కడ కూర్చుని, తెలిసే చేశాను అని రాశాను. ఆ మాట కాగితం మీద ఇంత చిన్నగా ఉంటుందనుకోలేదు. చాలాకాలం తర్వాత గుండె నిండా ఊపిరి తీసుకున్నాను. అంత సుఖం నాకు తగదు. అయినా తీసుకున్నాను.