పేచీ ఆయా

ఆ ఆసుపత్రి పిల్లల వార్డులో సాయంత్రం నాలుగింటికి గంట కొట్టేవారు. గంట మోగిందంటే తల్లులు బయటికి నడవాల్సిందే. మళ్ళీ పొద్దున పదింటిదాకా గుమ్మం తొక్కకూడదు. తల్లుల్ని పట్టుకు వేలాడే చేతుల్ని ఆయాలు ఒక్కొక్క వేలూ విడదీసేవాళ్ళు. ఓ అరగంట వార్డు దద్దరిల్లేది. ఆ తర్వాత ఏడ్చేవాళ్ళకి ఓపిక అయిపోయేది. "చూశారా, ఇట్టే అలవాటు పడిపోతారు" అనేవాళ్ళు తెల్లకోట్లవాళ్ళు.

ఆమె కొడుకు అలవాటు పడలేదు. మూడేళ్ళవాడు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. గంట కొట్టాక ఆమె ఇంటికి పోకుండా బయట మెట్లమీదే కూర్చుంది, పక్కన ఎనిమిదేళ్ళ కూతురు. మెట్లకీ మంచానికీ మధ్య దూరం పద్దెనిమిది అడుగులు. ఆరుంపావుకి లోపల పిల్లాడి ప్రాణం పోయింది. కాసేపటికి వాచ్‌మన్ వచ్చి తల్లీకూతుళ్ళని ఇంటికి పంపేశాడు. సంగతి మర్నాడు పదింటికి, తలుపు తీశాక చెప్పారు.

తల్లి గురించి ఎవరడిగినా ఆ కూతురు కథ ఇక్కణ్ణించే ఎత్తుకుంటుంది. ఆమె ఎక్కడ పుట్టింది, ఏం చదివింది అన్నవి తర్వాత.

ఆర్నెల్లకి అదే వార్డులో ఆయా ఉద్యోగం ఖాళీ అయితే తల్లి అర్జీ పెట్టింది. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. "కడుపుకోత ఇంకా చల్లారనేలేదు, ఏరికోరి అక్కడికే పోతానంటావేం వదినా? మతిగానీ పోయిందా?" అంది ఆడపడుచు. తండ్రి రొట్టెల బట్టీ వ్యాను నడిపేవాడు. ఏడాదికి ఓ పది మాటలు మాట్లాడితే గొప్ప. "వెళ్ళనివ్వండి" అన్నాడు. ఆ ఏటి పది మాటల్లో ఒకటి అలా ఖర్చయింది.

మొదటిరోజు పనికి పోయేముందు తల్లి వంటింట్లో నిలబడి ప్రార్థన చేసుకుంది. ఆమె ప్రార్థన ఎప్పుడూ నిలబడే, పొయ్యి మీద ఓ కన్నేసి. "నిన్నేమీ అడగటం లేదు, చెబుతున్నానంతే. ఆ వార్డు ఇక నాది. నాతో వస్తావా, రా. రావా, నీ ఇష్టం."

జడ వేసుకుంటున్న కూతురు హడలిపోయింది. "దేవుడితో అలా మాట్లాడొచ్చా అమ్మా?"

"ఆయనకీ నాకూ పేచీ ఉందే. పేచీ ఉన్నవాళ్ళే కదా రోజూ మాట్లాడుకునేది!"

వార్డులో ఆయాలు ముగ్గురు. ముగ్గురికీ నీలం కోట్లు. గంట కొట్టాక ఆ కోటు ఉన్నవాళ్ళకే లోపల చోటు. తల్లి పనిలో చేరిన నెలకి, ఆసుపత్రివాళ్ళు తీసి పారేసిన పాత కిటికీ తెరలు ఇంటికి మోసుకొచ్చింది. అంచులు చిరిగిన నీలం తెరలు. కుట్టుమిషను ముందు కూర్చుంది. గుండీలు కుట్టే పని కూతురిది.

"ఎవరికమ్మా ఇవన్నీ?"

"కొత్త ఆయాలొస్తున్నారు."

మొదటి కోటు ఇటుకల బట్టీలో పనిచేసే ఓ తల్లికి తొడిగింది. ఆమె పసిబిడ్డ సీసా పాలకి మూతి పెట్టకుండా మూడు రోజులుగా శోషిల్లిపోతోంది. ఆ సాయంత్రం గంట మోగింది. ఇటుకల తల్లి కదల్లేదు. నీలం కోటులో బిడ్డని ఒళ్ళో వేసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. హెడ్ నర్సు అటుగా వచ్చింది. చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

ఇంకేం కావాలి! కోట్లు రెండయ్యాయి, నాలుగయ్యాయి, పదకొండయ్యాయి. బడి వదిలాక కూతురు అమ్మకి క్యారేజీ తీసుకెళితే వార్డంతా నీలంగా కనబడేది. ఏడుపు అరగంట నుంచి ఐదు నిమిషాలకి దిగింది.

ఎప్పుడూ పొద్దున పూటే తనిఖీకి వచ్చే సూపరింటెండెంటు ఒకరోజు సాయంత్రం ఐదింటికి ఊడిపడ్డాడు. కూతురు క్యారేజీతో గుమ్మంలోనే ఉంది. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు. రిజిస్టరులో ముగ్గురు ఆయాలు, గదిలో పద్నాలుగు మంది. ఒకావిడ నిండు చూలాలు. ఒకావిడ పిల్లాడి మంచంలోనే గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఇంకో ఆవిడ కోటుకి తెర రింగులు రెండు ఇంకా వేలాడుతున్నాయి.

ఆయన దగ్గర్లో ఉన్నావిడని ఉరిమి చూశాడు. "నువ్వు ఎన్నాళ్ళనుంచి పనిచేస్తున్నావు ఇక్కడ?"

"మా వాడికి జ్వరం వచ్చినప్పట్నించీ సార్" అందావిడ, ఉన్నదున్నట్టు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మొహం కందగడ్డ అయింది. "ఎవరిదీ నిర్వాకం?"

తల్లి చేతిలో ఉన్న మలం గిన్నెతో సహా ముందుకొచ్చింది. "నాది సార్. వీళ్ళనేమీ అనకండి. గుండీలు కుట్టింది మా అమ్మాయి, దానికి తొమ్మిదేళ్ళే."

"రూలు తెలీదా నీకు?"

"తెలుసు సార్. నాకు తెలిసినంత బాగా ఈ ఆసుపత్రిలో ఇంకెవరికీ తెలీదు."

ఆ మాట అన్నప్పుడు అమ్మ గొంతు వణకలేదని కూతురికి బాగా గుర్తు. చెప్పాక గిన్నె కడగడానికి వెళ్ళింది.

కోట్లన్నీ లాక్కుని ఆమెని పనిలోంచి నిలిపేశారు. తప్పయిందని క్షమాపణ రాసిస్తే చూద్దామన్నారు. నాలుగో రోజు ప్రార్థన మందిరం పెద్ద ఇంటికొచ్చాడు. ఊళ్ళో అందరికీ మంచి చెప్పే బాధ్యత ఆయనది, కనీసం ఆయన అలా అనుకునేవాడు.

"చూడమ్మా, ఆడమనిషికి వినయం అందం. పై అధికారులకి లోబడి ఉండమనే కదా మనకి బోధ. ఒక్క ముక్క రాసిచ్చెయ్యి, పోనిద్దూ."

తల్లి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. "లోబడే ఉన్నానండీ. సూపరింటెండెంటుకన్నా పైన ఒకాయన ఉన్నాడని ప్రతి ఆదివారం మీరేగా చెబుతారు! నేను ఆయన మాట విన్నాను."

పెద్దాయనకి పొరబోయింది.

అయినా ఆయన మాట తీసెయ్యకుండా ఆ సాయంత్రమే కాగితం రాసింది. కూతురి నోటుపుస్తకంలో పేజీ చింపి, కూతురి పెన్నుతో. "అయ్యా, తప్పు జరిగిన మాట నిజం. నా కొడుకు పోయిన రోజున జరిగింది. దానికి మీనుంచి క్షమాపణ నాకు ఇంకా అందలేదు. అందాక నాది పంపుతాను."

"ఇది పంపితే నీ ఉద్యోగం ఇక రాదేమో అమ్మా" అంది కూతురు.

"రాకపోతే మీ నాన్న రొట్టెలు తిందాం. కవరు అంటించు."

ఆఫీసునుంచి జవాబు లేదు. కానీ వారం తిరక్కుండా వార్డు మళ్ళీ నీలంగా మారింది. తల్లులు ఎవరికి వాళ్ళే కుట్టుకొచ్చారు. ఒకటి ఆకాశం రంగు, ఒకటి నెమలికంఠం, ఒకటి మొగుడి పాత చొక్కా. ఒకావిడది పచ్చగా ఉంటే వాచ్‌మన్ నిలదీశాడట. "నీలం గుడ్డ దొరకలేదు, సర్దుకో అన్నా" అని లోపలికి పోయిందట. ఇద్దర్ని బయటికి పంపితే నలుగురు లోపల. "సార్, అమ్మ ఎవరో ఆయా ఎవరో నాకు తెలీటం లేదు" అని వాచ్‌మన్ చేతులెత్తేశాడు. పిల్లల వార్డు చిన్న డాక్టరమ్మ, పక్కన తల్లి ఉన్న బిడ్డలు ఎంత బరువు పెరుగుతున్నారో, ఎన్ని రోజులు ముందే ఇంటికెళుతున్నారో కాగితం మీద పెట్టి సూపరింటెండెంటు ముందు ఉంచింది.

మూడో నెలలో గోడమీద నోటీసు పడింది. "బిడ్డకి ఒక తల్లి చొప్పున రాత్రింబవళ్ళు ఉండవచ్చును." కింద సూపరింటెండెంటు సంతకం. తల్లి పేరు ఎక్కడా లేదు. ఉద్యోగం తిరిగిచ్చారు గానీ వార్డులో కాదు. వెనకవైపు లాండ్రీలో, మరిగే నీళ్ళ తొట్ల దగ్గర. ఊరుకుంటే ఆఫీసువాళ్ళు లోకువైపోతారు కదా పాపం!

అక్కడే ఇరవై తొమ్మిదేళ్ళు. దుప్పట్లు ఉడకబెట్టి, పిండి, ఆరేసి. అరచేతులు తోలులా మారాయి. 'పేచీ ఆయా' అన్న పేరు అప్పుడే స్థిరపడింది. ఎవరైనా అలా పిలిస్తే "ఓయ్" అని పలికేది.

ఆదివారం మాత్రం మందిరం నుంచి నేరుగా వార్డుకే వెళ్ళేది. ఒంటిమీద లాండ్రీ కోటు ఉండేది కాదు, పిల్లల్ని చూడ్డానికొచ్చిన మామూలు మనిషే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేకపోయేవారు. అమ్మ లేని పిల్లల మంచాల పక్కన సాయంత్రందాకా కూర్చునేది.

ఇది కూతురికి గిట్టేది కాదు. ఉన్న ఒక్క సెలవురోజూ ఊళ్ళోవాళ్ళ పిల్లలకేనా? పదిహేనేళ్ళప్పుడు ఒకసారి అడిగేసింది. "నాకెప్పుడు అమ్మవి నువ్వు?"

తల్లి చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. "నీకు అమ్మ ఉందని నీకు తెలుసు. నా మీద అరవడానికి కూడా ఉంది. వాళ్ళకి ఎవరున్నారే?"

సమాధానం బాగానే ఉంది. కూతురికి మాత్రం తృప్తిగా లేదు. చాలా ఏళ్ళు లేదు. చిన్నప్పటి ఆదివారాలు తిరిగి రావు, ఎంత మంచి సమాధానానికైనా.

తర్వాత కూతురు పోస్టాఫీసులో ఉద్యోగం చేసింది, పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని కంది. పెద్దపిల్లకి నాలుగేళ్ళప్పుడు నెమ్ము పడితే అదే వార్డులో చేర్పించారు. పన్నెండు రోజులు కూతురు మంచం పక్కన చాప మీదే ఉంది. పిల్ల అర్ధరాత్రి కలవరించి చెయ్యి చాపితే చెయ్యి అందేది. మూడోరోజు పొద్దున కొత్తగా వచ్చిన నర్సు "తల్లి ఒకరు ఉండొచ్చమ్మా, అది ఇక్కడ రూలు" అని మామూలుగా చెప్పి వెళ్ళిపోయింది.

అప్పుడే ఉతికిన దుప్పటి తెచ్చిన తల్లి అదంతా వింది. కూతురు ఆమె వైపు తిరిగింది. "ఆ రూలు ఎలా వచ్చిందో చెప్పనా అమ్మా ఆ అమ్మాయికి?"

"వద్దు. ఎప్పట్నించో ఉందనుకోనీ. మొదట్నించీ ఉన్నదనుకుంటేనే ఎవడూ తీసెయ్యడు." దుప్పటి దులిపి మనవరాలికి కప్పింది. "జరుగు, నేను కూర్చుంటా. నువ్వు పోయి స్నానం చెయ్యి, కంపుకొడుతున్నావు."

ఆ పూట స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని కూతురు వెక్కివెక్కి ఏడ్చింది. తమ్ముడి కోసం, పోయిన ఆదివారాల కోసం, అమ్మ కోసం.

రిటైరయ్యాక తల్లి మనవలకి కాపలా. అమ్మమ్మ అంటే ముద్దుచేసి కూర్చునే రకం కాదు. బట్టలు మురికిగా ఉన్నాయని తోటిపిల్లని టీచరు వరండాలో నిలబెట్టిందని మనవరాలు చెబితే, మర్నాడు వెళ్ళి ఆ పిల్ల పక్కన తనూ నిలబడింది. "మీరెందుకమ్మా ఇక్కడ?" అంటే, "నా బట్టలూ ఉతికినవి కావు. పిల్ల లోపలికి వెళితే నేనూ ఇంటికెళతా" అంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఊరి మురికంతా ఉతికినదాన్ని అని మాత్రం చెప్పలేదు. పిల్ల లోపలికి వెళ్ళింది.

డెబ్బై ఆరో ఏట, పొద్దున కుర్చీలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూ పోయింది. మూడు ఒలిచింది, నాలుగోది చేతిలో ఉంది. 

మందిరంలో సంతాప సభ పెట్టారు. ఇప్పటి పెద్ద, పాతాయన కొడుకు. తెల్లటి కాగితం చూసి చదవడం మొదలుపెట్టాడు. "ఆవిడ శాంతమూర్తి. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు. పెద్దలకి ఏనాడూ ఎదురు చెప్పలేదు..."

కూతురికి యాభై ఆరేళ్ళు. జీవితంలో సభలో నోరు విప్పిన మనిషి కాదు. లేచి నిలబడింది.

"ఆగండి. మీరెవరి గురించో చదువుతున్నారు. మా అమ్మ మీ నాన్నగారికి ఎదురు చెప్పింది, నా కళ్ళారా చూశాను. సూపరింటెండెంటుకి చెప్పింది. దేవుడికైతే రోజూ చెప్పేది."

"కూర్చోమ్మా, దుఃఖంలో ఉన్నావు. ఇది సందర్భం కాదు."

"ఇదే సందర్భం. ఆవిడ శాంతంగా ఉండి ఉంటే ఈ ఊళ్ళో పిల్లలు ఇంకా గంట విని ఏడుస్తుండేవాళ్ళు. బతికున్నంతకాలం పేచీకోరు అని, పోగానే శాంతమూర్తి అంటే ఒప్పుకోను. నేను కూర్చోను."

కూతురు నిలబడే ఉంది. మనవరాలు లేచొచ్చి పక్కన నిలబడింది.

వెనక బెంచీలోంచి లాండ్రీలో పనిచేసిన ముసలావిడ గొంతు వినబడింది. "నిజమే. నాతో సబ్బు గురించి పదకొండేళ్ళు తగువాడింది మహాతల్లి. చివరికి తనదే రైటు." ఫక్కున నవ్వారు ఎవరో. వెంటనే మరొకరు లేచారు, "నన్నయితే మా అమ్మని చూడ్డానికి రావటం లేదని బజార్లో పట్టుకుని..." ఆయన పూర్తి చెయ్యకముందే ఇంకొకరు.

మందిరం పెద్ద తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమెతో తాము పడ్డ తగాదాలు చెప్పుకోడానికి జనం వరసలో నిలబడుతున్నారు.