మోతిబిందు పండేదాకా

అక్షరాలు మరిచిపోతున్నానని భయపడ్డాను. నేర్చుకున్నదే మనవలు పుట్టాక, ఛత్రినాకలో మా గల్లీ చివర పెద్దవాళ్లకు చదువు చెప్పే ఇంట్లో. ఇంకా గట్టిపడనే లేదు, అప్పుడే పోతున్నాయనుకున్నాను. 'మ'కూ 'య'కూ తేడా తెలియడం లేదు. పేపర్లో పెద్ద అక్షరాలు తప్ప మిగిలిందంతా చీమల బారే. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

పక్కింటామె నా కుడికంట్లోకి చూసి శుక్లమని తేల్చేసింది. "మోతిబిందు అక్కా. ఇంక పండలే. పండినంక తీపిచ్చుకో, పచ్చిగున్నప్పుడు తీస్తే మళ్లొస్తది."

ఆ మాట నాకు బాగా నచ్చింది. మాదన్నపేటలో ఏళ్ల తరబడి మామిడిపండ్లు అమ్మినదాన్ని, పండేదాకా ఆగమంటే నాకు వేరే చెప్పాలా? ఆగాను. నల్లగుడ్డు పాలు పోసినట్టు తెల్లబడుతుంటే సంతోషించాను కూడా.

కోడలు ఊరుకోలేదు. కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, ఇన్నాళ్లు ఎందుకు రాలేదని అడిగింది. పండనిచ్చానన్నాను. ఆమె నవ్వలేదు.

"పండుడు గిండుడు ఏం లేదమ్మా. రాయి లెక్క గట్టిపడ్డది. మొదట్లనే వస్తే అల్కగ అయిపోతుండె."

కంటి మీది పొర గీకేస్తారనుకున్నాను. అదీ కాదట. కన్ను లోపల పుట్టుకతో ఉన్న అద్దంలాంటిదే మసకబారిందట. దాన్ని తీసేసి కొత్తది పెడతారట. నాది పారేస్తారా అని అడిగితే అవునంది, వంకాయ తొడిమ సంగతి చెప్పినంత మామూలుగా. షుగరూ బీపీ చూపించుకోవాలి, చుక్కల మందు ముందునుంచే వేసుకోవాలి, ముందురోజే తలస్నానం చేయాలి, తర్వాత కొన్నాళ్లు కంట్లో నీళ్లు పడొద్దు. అన్నిటికీ కోడలే తలూపింది. నా చెవికి ఏదీ ఎక్కలేదు.

కన్ను కొలిచాక మాత్రం ఒక ప్రశ్న వేశారు. పెట్టే అద్దం ఒక్క దూరానికే తేటగా చూపిస్తుందట. దూరానివి కనబడాలా, దగ్గరివా? రెండోదానికి కళ్లజోడు తప్పదు. నా చూపు ఎట్లా ఉండాలని నన్నే అడుగుతున్నారు. పుట్టినప్పుడు ఎవరడిగారు?

దూరమే పెట్టమంది కోడలు. చాలామంది అదే తీసుకుంటారని డాక్టరమ్మ కూడా అంది.

"దగ్గరిదే పెట్టుండ్రి," అన్నాను.

"రోడ్డు మీద ఆటో కనబడకపోతెనో అత్తమ్మా?"

"ఆటో హారన్ కొడ్తది. అక్షరం కొడ్తదా?"

డాక్టరమ్మ రాసుకుంది. ముదిరిన కన్ను కాబట్టి చూపు ఎంత వస్తుందో ఇప్పుడే మాట ఇవ్వలేనని కూడా చెప్పింది. బయట నర్సు ఆపరేషన్ కాగితం పరిచి, నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, వేలిముద్ర వేసే ప్యాడ్ నా వైపు జరిపింది. దాన్ని పక్కకు తోసి పెన్ను అడిగాను. సంతకం పెట్టాను. నా పేరు నాకే కనబడలేదు. సరిగ్గా వచ్చిందా అని కోడలిని అడిగాను.

"మంచిగనే వచ్చింది అత్తమ్మా," అంది, కాసేపు చూసి. "గీత మీద లేదు గంతే."